పొదిలి, దర్శి సీమ వెన్నెముక: ఫ్లోరోసిస్‌ను పట్టిచ్చిన చిత్రాల చరిత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం పేరు చెప్పగానే తెలుగువారికి పత్తి, మిరప, పొగాకు గుర్తుకు వస్తాయి గాని, భారత వైద్య చరిత్రలో ఈ నేలకు మరొక స్థానం ఉందన్న సంగతి వైద్యరంగం బయట చాలామందికి తెలియదు. తాగే నీటిలోని ఫ్లోరైడు మనిషి ఎముకలను గట్టిపరచి, వెన్నెముకను బిగదీసి, చివరికి వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోయేలా చేస్తుందని మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది ఈ మైదానపు పడమటి అంచున ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లోనే. ఆ సంవత్సరం 1937, ఆ వ్యాధి పేరు ఫ్లోరోసిస్. ఆ నిర్ధారణలో రోగి నాడి పట్టిన వైద్యుడికి ఎంత పాత్ర ఉందో, ఎక్స్‌రే తీసిన రేడియాలజిస్టుకూ అంతే పాత్ర ఉంది. మెదడు, వెన్నుపాము, నాడుల వ్యాధులను చిత్రాల ద్వారా పరిశీలించే శాస్త్రాన్ని న్యూరోరేడియాలజీ అంటారు. ఆ శాస్త్రానికి తెలుగునేల ఇచ్చిన ముఖ్యమైన అధ్యాయం ఈ సీమ బావుల దగ్గరే మొదలైంది.

1937 నాటికి ప్రకాశం జిల్లా లేదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. వాటిలో దర్శి, పొదిలి వెంకటగిరి జమీందారీ కింద సాగాయి. ఒంగోలు, అద్దంకి వైపు గ్రామాలు గుంటూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. ఈ మూడు జిల్లాల ముక్కలను కలిపి 1970లో ఒంగోలు జిల్లాను ఏర్పరచి, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. కనుక పాత వైద్య గ్రంథాల్లో "నెల్లూరు జిల్లా వ్యాధి" అని కనిపించేది, ఇప్పటి పుస్తకాల్లో "ప్రకాశం జిల్లా ఫ్లోరోసిస్" అని కనిపించేది ఒక్కటేనని పాఠకుడు గమనించాలి. పేరు మారినంత మాత్రాన ఊళ్లు మారలేదు, బావులూ మారలేదు.

ఈ వ్యాధికి మూలం నేల కింది రాతిలో ఉంది. కృష్ణ, గుండ్లకమ్మ దిగువన ఒండ్రుమట్టి, నల్లరేగడి పరుచుకుని ఉంటే, పడమరగా పోయేకొద్దీ నేల ఎత్తు పెరిగి, పైమట్టి పలచబడి, గ్రానైటు, నైస్ వంటి పురాతన శిలలు దగ్గరకు వస్తాయి. ఈ శిలల్లో ఉండే ఫ్లోరైటు, అపటైటు, అభ్రకపు జాతి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఇమిడి ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్నచోట భూగర్భజలం రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఆ నీటిలో క్షారగుణం, బైకార్బనేట్లు పెరిగి, కాల్షియం తగ్గినప్పుడు ఖనిజాల్లోని ఫ్లోరైడు కరిగి నీటిలోకి చేరుతుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దించి ఉండేది. ఒకే ఊరిలో ఒక బావి నీళ్లు క్షేమంగా ఉండి, నాలుగు వందల గజాల దూరంలోని మరో బావి నీళ్లు ప్రమాదకరంగా ఉండటానికి కారణం ఈ రాతి పగుళ్ల తీరే. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదుల్లో రుచి కూడా తెలియదు. చవుడు నీళ్లను నోట్లో పోసుకోగానే ఉమ్మివేసే రైతు, ఫ్లోరైడు ఉన్న తియ్యటి నీటిని మంచినీళ్లనుకునే తాగాడు.

వ్యాధిని మొదట గమనించింది వైద్యులు కాదు, రైతులు. 1930ల మొదట్లో తమ ఎడ్లు కీళ్లు పట్టేసి, నొప్పితో నడవలేకపోవటం ఈ ప్రాంతపు రైతుల కంటబడింది. ఒంగోలు జాతి పశువులకు పేరుపడిన సీమలో ఎద్దు నడక మారితే రైతు గుర్తుపట్టకుండా ఉండడు. దుక్కి, బండి, కపిల, అన్నీ ఆ నడక మీదనే ఆధారపడి ఉండేవి. పశువైద్యశాఖ పరిశీలించగా మద్రాసు రాజధాని పశువుల్లో ఫ్లోరోసిస్ ఉన్నదని 1930ల మధ్యనాటికే తేలింది, 1935లో విశ్వనాథన్ దాన్ని గురించి ప్రచురించాడు. అదే బిగదీత మనుషుల్లో కూడా ఉన్నదని వైద్యశాస్త్రం ఒప్పుకోవటానికి మరి రెండేళ్లు పట్టింది. ఆ నీళ్లే తాగుతున్న మనుషుల కన్నా పశువుల రోగం ముందు కాగితం మీదికి ఎక్కటం గ్రామీణ వైద్య చరిత్రలో బాధ కలిగించే వాస్తవం.

ఆ నాటికి ప్రపంచం నుంచి కూడా కొంత వెలుగు వచ్చింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి పిల్లల పళ్ల మీద కనిపించే గోధుమరంగు మచ్చల కారణం కోసం వెతుకుతూ వచ్చాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిని విశ్లేషించి ఆ కారణం ఫ్లోరైడేనని తేల్చాడు. 1932లో డెన్మార్క్‌లో మ్యోలర్, గుడ్యోన్సన్ అనే ఇద్దరు వైద్యులు కోపెన్‌హేగెన్‌లో క్రయొలైటు అనే ఫ్లోరిన్ ఖనిజాన్ని పొడిచేసే కార్మికులకు ఎక్స్‌రేలు తీయగా, వారి ఎముకలు మామూలు కన్నా ఎంతో తెల్లగా, చిక్కగా కనిపించాయి. కార్మికుల ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందేమో చూడటానికి తీసిన చిత్రాల్లో ఎముకల రోగం బయటపడటం ఆ పరిశోధనలోని విశేషం. డెన్మార్క్‌కే చెందిన కాయ్ రోహోల్మ్ 1937లో ఫ్లోరిన్ విషప్రభావం మీద వెలువరించిన బృహద్గ్రంథం ఈ రంగానికి ప్రామాణికమైంది. అయితే అక్కడ రోగం ఒక ఫ్యాక్టరీ కార్మికులది. నెల్లూరు జిల్లాలో అది ఊరందరిదీ, పుట్టినప్పటి నుంచి తాగే నీటిదీ.

ఇక్కడి పశువుల రోగం, ప్రపంచ పరిశోధన అనే ఈ రెండు కొసలు మద్రాసులో కలిశాయి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అంటువ్యాధుల నివారణకు, టీకాల తయారీకి, నీటి పరీక్షకు కేంద్రంగా ఉండేది. అక్కడ పనిచేసిన హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ తర్వాతి కాలంలో మలేరియా క్రిమి కాలేయంలో గడిపే దశను కనిపెట్టిన ఇద్దరిలో ఒకడిగా ప్రసిద్ధికెక్కాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రి ఆవరణలో 1934లో ప్రారంభమైన రేడియాలజీ సంస్థకు దాన్ని తీర్చిదిద్దిన టి. డబ్ల్యు. బర్నార్డ్ పేరే స్థిరపడింది. షార్ట్, వైద్యాచార్యుడు మెక్‌రాబర్ట్, రేడియాలజిస్టు బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో ప్రచురించిన వ్యాసం, మద్రాసు రాజధానిలో ప్రాంతీయంగా వ్యాపించిన ఫ్లోరోసిస్‌ను, నాడీమండలం మీద దాని ప్రభావంతో సహా, వర్ణించింది. అదే ఏడు షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లాను ప్రత్యేకంగా తీసుకుని మరొక వ్యాసం రాశారు. పండిట్ స్వాతంత్ర్యం తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యాడు.

ఫ్లోరోసిస్ రోగుల ఎక్స్‌రే చిత్రాల్లో ఏం కనిపించిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎముకలోని ప్రధాన ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైటు. రక్తంలోకి చేరిన ఫ్లోరైడు ఆ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి దాన్ని ఫ్లోరోఅపటైటుగా మారుస్తుంది, కొత్త ఎముకను పుట్టించే కణాలను కూడా అతిగా ప్రేరేపిస్తుంది. దాని ఫలితంగా ఎముక మందమెక్కుతుంది గాని నాణ్యత తగ్గి పెళుసుబారుతుంది. ఎక్స్‌రే కిరణాలు చిక్కటి ఎముకను అంతగా దాటలేవు గనుక వెన్నుపూసలు ఫిల్ము మీద సున్నం కొట్టినట్లు తెల్లగా పడతాయి, వాటి లోపలి సన్నటి నిర్మాణరేఖలు చెరిగిపోతాయి. పూసల అంచుల నుంచి ఎముక ముళ్లు పెరుగుతాయి. ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు అనే పట్టీలు, మామూలుగా మెత్తగా ఉండవలసినవి, సున్నపుదనం పట్టి ఎముకగా మారిపోతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పలుచటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర వెంట ముళ్లకంప వంటి ఎముక పెరుగుదల కనిపిస్తే ఫ్లోరోసిస్ అని రేడియాలజిస్టు దాదాపు నిస్సందేహంగా చెప్పగలడు. వెన్నెముక కోసం రోగిని బల్లమీద పొర్లించే పని లేకుండా, ఒక్క ముంజేతి ఎక్స్‌రేతో ఊరి నీటి చరిత్ర తెలుసుకునే వీలు ఈ లక్షణం వల్ల కలిగింది.

పళ్ల సంగతి ఇంకా సులువు, దానికి యంత్రమే అక్కర్లేదు. శాశ్వత దంతాల పింగాణీ పొర చిన్నతనంలోనే తయారవుతుంది గనుక, ఆ వయసులో తాగిన నీళ్ల ముద్ర జన్మంతా చెరగదు. గార పట్టిన పళ్లు తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పూర్వస్థితికి రావు. సంబంధం చూసేటప్పుడు పళ్ల రంగును బట్టి ఊరిని పోల్చుకునే స్థితి ఫ్లోరైడు గ్రామాలకు ఏర్పడింది; ఆడపిల్లల తల్లిదండ్రులకు అది ఎంతో కోత పెట్టింది.

పళ్ల మచ్చలు బాల్యంలో మొదలైతే, ఎముకల బాధ ముప్పై దాటాక మొదలవుతుంది. మొదట కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, నడుం పట్టేయటం, మెడ తిప్పలేకపోవటం. తర్వాత వెన్నంతా ఒకే కర్రలా బిగుసుకుపోవటం. కొందరిలో చివరి దశగా వెన్నుపాము మీద ఒత్తిడి. వెన్నుపామూ దాని నుంచి బయలుదేరే నాడీమూలాలూ రెండూ నలిగే ఈ స్థితిని వైద్యులు రాడిక్యులోమైలోపతి అంటారు. ఎముకలు గట్టిపడిన రోగుల్లో సుమారు నూటికి పదిమందిలో ఇది కనిపిస్తుందని నాడీవైద్యులు లెక్కకట్టారు. కాళ్లు బిర్రబిగుస్తాయి, స్పర్శ తగ్గుతుంది, మూత్రం మీద అదుపు పోతుంది, మనిషి మంచాన పడతాడు.

ఎవరు మంచాన పడ్డారన్నది వైద్య ప్రశ్న మాత్రమే కాదు. పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి 1940లో ప్రచురించిన అధ్యయనం, నీటిలో ఫ్లోరైడు ఒకే స్థాయిలో ఉన్నా తిండి సరిగా లేనివారిలో, ముఖ్యంగా సి విటమిన్ కొరవడినవారిలో వ్యాధి తీవ్రంగా ఉంటుందని చూపింది. తాగే నీటి పరిమాణం కూడా అంతే ముఖ్యం. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిని నీడపట్టున రోజుకు 2 లీటర్లు తాగేవాడి ఒంట్లోకి 8 మిల్లీగ్రాములు పోతే, మండుటెండలో మిరపకోత కోసి కల్లంలో కాయ తిరగబోసే కూలీ 6 లీటర్లు తాగి 24 మిల్లీగ్రాములు లోపలికి తీసుకుంటాడు. మిరప కోతలు, కల్లాల పని ఎండలు ముదిరే రోజుల్లోనే జరుగుతాయి. ఒకే బావి నీళ్లు తాగిన రెండు కుటుంబాల్లో కూలి కుటుంబపు వెన్నెముక ముందు వంగిపోవటానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామును కోరదగిన హద్దుగానూ, వేరే నీటివనరు లేనప్పుడు 1.5ను గరిష్ఠంగానూ పెట్టింది. ఎండలో కష్టపడే శరీరానికి మొదటి అంకెనే పట్టించుకోవటం న్యాయం.

స్వాతంత్ర్యానంతరం పరిశోధన తెలంగాణకు, పంజాబుకు విస్తరించింది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాయగా, పంజాబు రోగుల నాడీ సమస్యలను సింగ్, జాలీ 1961లో లాన్సెట్‌లో వివరించారు. ఇంతలో నాగార్జునసాగర్ కట్టడం సాగి, 1967లో కుడి, ఎడమ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం పొలాల రూపు మార్చింది. నల్లరేగడిలో పత్తి, మిరప వ్యాపార పంటలుగా బలపడ్డాయి. కాలువ నీరు దర్శి వరకు పారింది గాని, ఎత్తుగా ఉన్న పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు నేలలో చాలా భాగానికి అందలేదు. అందనిచోట రైతులు బోర్లు వేశారు, నీటిమట్టం పడిపోయినప్పుడల్లా ఇంకా లోతుకు దించారు, రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటిని పైకి తోడుకున్నారు. పల్నాటిలో వినుకొండ, బొల్లాపల్లి వైపు మెట్ట గ్రామాలదీ ఇదే కథ.

1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరొక కొత్త రూపాన్ని లాన్సెట్‌లో వెల్లడించారు: ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి రాచుకునే జెను వాల్గం అనే వైకల్యం. జలాశయాల ఊటతో భూగర్భజలం పెరిగి నేల క్షారగుణం మారటం, జొన్న తినే పిల్లల ఆహారంలో మాలిబ్డినం పెరిగి రాగి తగ్గటం దీనికి కారణాలు కావచ్చునని ఆ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. నీటిపారుదల ఇచ్చే మేలుతో పాటు నేల రసాయనం ఎలా మారుతుందో కూడా కొలవాలన్న హెచ్చరిక అందులో ఉంది.

వెన్నుపాము నలిగిన రోగుల బాధ్యత హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుల మీద పడింది. వారిలో డాక్టర్ డి. రాజారెడ్డి పని ప్రత్యేకంగా పేర్కొనదగింది. శాతవాహనుల నాణేల పరిశోధకుడిగా చరిత్రకారులకు తెలిసిన ఆయన, ఫ్లోరోసిస్ నాడీవైద్యంలో ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే రచనలు చేశారు. 1979లో అంతర్జాతీయ నాడీవైద్య మహాసంపుటిలో అస్థి ఫ్లోరోసిస్ అధ్యాయం ఆయనదే. 1993లో సింగపూరు వైద్య పత్రికలో సహచరులతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం పూర్తిగా ఈ వ్యాధి న్యూరోరేడియాలజీ మీదనే ఉంది.

సీటీ స్కాన్ రాకముందు వెన్నుపాము ఎక్కడ నలిగిందో తెలుసుకోవటానికి మైలోగ్రఫీ ఒక్కటే దారి. నడుము దగ్గర రెండు పూసల మధ్య సూది గుచ్చి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కించి, అది ఎక్కడ ఆగిపోయిందో ఫిల్ము మీద చూసేవారు. ఫ్లోరోసిస్ రోగిలో పూసల మధ్య పట్టీలే ఎముకలై ఉంటాయి గనుక ఆ సూది దిగటమే కష్టం. రోగం ఎంత ముదిరితే దాన్ని చూసే దారి అంత మూసుకుపోయేది. 1971లో హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండులో రోగి మీద మొదట ప్రయోగించిన సీటీ స్కాన్, శరీరాన్ని అడ్డంగా కోసినట్లు పొరలుగా చూపి, వెన్నెముక లోపలి నాళం ఎంత ఇరుకైందో కొలిచే వీలు కల్పించింది. ఆ తర్వాత వచ్చిన ఎంఆర్‌ఐ సూది లేకుండానే వెన్నుపామును నేరుగా చూపింది.

ఎంఆర్‌ఐ కిరణాల యంత్రం కాదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ పరమాణువులు ఇచ్చే సంకేతాలతో అది చిత్రాన్ని కడుతుంది. గట్టి ఎముకలో కదిలే నీరు చాలా తక్కువ. అందుకని ఎక్స్‌రేలో తెల్లగా మెరిసిన అవే పూసలు, పట్టీలు ఎంఆర్‌ఐలో నల్లగా కనిపిస్తాయి, ఆ నల్లటి గోడల మధ్య నలిగిన వెన్నుపాము బూడిదరంగు తాడులా కనిపిస్తుంది. నలిగినచోట వెన్నుపాములోనే మార్పు వచ్చి ఉంటే అది ఒక తరహా చిత్రంలో తెల్లటి మచ్చగా పడుతుంది.

ఇలాంటి తెల్లటి మచ్చలే కనిపించే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే వ్యాధితో పోలిక ఇక్కడ అవసరమవుతుంది. రోగనిరోధక వ్యవస్థ సొంత నాడీతంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు మీద దాడి చేసి, మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడ మచ్చలు పెట్టే వ్యాధి ఇది. 1868లో పారిస్‌లో షార్కో దీనికి స్పష్టమైన రూపం ఇచ్చాడు. దానిలో కూడా కాళ్లు బిగుస్తాయి, తిమ్మిర్లు వస్తాయి, మూత్రం అదుపు తప్పుతుంది. అయితే అది ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్యవారికి, పురుషుల కన్నా స్త్రీలకు వస్తుంది, చాలామందిలో వచ్చి తగ్గుతూ మళ్లీ వస్తుంది. ఫ్లోరోసిస్ వెన్నుపాము జబ్బు నలభై దాటిన కష్టజీవులైన మగవారిలో ఎక్కువ, తగ్గుముఖం లేకుండా పెరుగుతుంది. 1981లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం అప్పటి ప్రయోగదశలోని ఎంఆర్‌ఐతో, సీటీకి కనిపించని మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలను మెదడులో చూపించాక ఆ వ్యాధి నిర్ధారణే మారిపోయింది. 2001లో ఏర్పడిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు మచ్చలు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో వచ్చాయని ఎంఆర్‌ఐ ద్వారా రుజువు చేయటాన్ని నిర్ధారణలో భాగం చేశాయి. భారతదేశంలో అరుదనుకున్న ఈ వ్యాధి అంత అరుదు కాదని మంగళూరులో డాక్టర్ లేఖా పండిట్ చేసిన అధ్యయనం, లక్షకు సుమారు 8 మంది అనే లెక్కతో, చూపింది. మెట్ట గ్రామం నుంచి కాళ్లు బిగుసుకున్న యువతి ఆసుపత్రికి వస్తే, నీళ్ల జబ్బేనని పంపివేయకుండా ఎంఆర్‌ఐ తీయటం ఎందుకు అవసరమో ఈ పోలిక వల్ల తెలుస్తుంది. మెదడులో జఠరికలు అనే ద్రవపు గదుల చుట్టూ మచ్చలు ఉండి, వెన్నుపాము బయట ఒత్తిడి లేకపోతే చికిత్సకు మందులు ఉన్నాయి. బయటి నుంచి ఎముక నొక్కుతుంటే శస్త్రచికిత్స ఆలోచించాలి.

ఆ శస్త్రచికిత్స సులువైనది కాదు. పూస వెనుకభాగాన్ని తొలగించి వెన్నుపాముకు చోటు కల్పించే లామినెక్టమీ అనే ఆపరేషన్‌లో, గట్టిగానూ పెళుసుగానూ ఉన్న ఎముకను నాడీకణజాలానికి దెబ్బ తగలకుండా డ్రిల్లుతో కొంచెం కొంచెంగా అరగదీయాలి. కొన్నేళ్లు నలిగిన వెన్నుపాము ఒత్తిడి తీసినా పూర్తిగా కోలుకోదు. ఎముకలో చేరిన ఫ్లోరైడును బయటికి లాగే మందు లేదు. నీళ్లు మారిస్తే అది ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గుతుంది.

అందువల్ల అసలు వైద్యం నీళ్ల దగ్గరే. పటిక, సున్నం కలిపి తేర్చి ఫ్లోరైడును దించే నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది. మోతాదు రోజూ సరిగా కలపకపోతే అది పనిచేయదు గనుక పల్లెల్లో నిలదొక్కుకోలేదు. తర్వాత వచ్చిన ఆర్‌ఓ ప్లాంట్ల క్యాన్ నీళ్లు కొనగలిగినవారిని కాపాడాయి, ఆ ప్లాంటు వదిలే వ్యర్థజలంలో ఫ్లోరైడు మరింత చిక్కబడి తిరిగి నేలలోకే పోతుంది. శ్రీశైలం జలాశయం నుంచి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాల ద్వారా కృష్ణ వరదనీటిని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. సాగునీటితో పాటు 15.25 లక్షల మందికి తాగునీరు దాని లక్ష్యం. సొరంగాల తవ్వకం 2024 నాటికి గాని ముగియలేదు.

కారణం 1937లోనే తెలిసిన వ్యాధి ఇన్ని తరాలకు ఎక్స్‌రేల్లో, ఎంఆర్‌ఐల్లో కనిపిస్తూ ఉండటం వైద్యశాస్త్ర వైఫల్యం కాదు, పాలన వైఫల్యం. వెలిగొండ నీటిని ముందుగా తాగునీటి ట్యాంకులకు మళ్లించటం, ప్రతి బోరుకూ ఫ్లోరైడు పరీక్ష చేసి ఆ అంకెను అందరికీ కనిపించేలా బోరు పక్కనే రాయించటం, బడి పిల్లల పళ్లను ఏటా పరీక్షించి మచ్చలు కనిపించిన ఊరికి ఆ ఏడే నీళ్లు మార్చటం ప్రభుత్వం చేయవలసిన పనులు. చేసేదాకా అడగవలసిన బాధ్యత ఆ జిల్లాల చదువరులది.